యంత్రాలకు మొక్కల నూనె: ఎక్కడ పోయవచ్చు, ఎక్కడ పోయకూడదు

చైన్ సా గొలుసుకూ, లేత్ గేర్ బాక్సుకూ మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసే నూనె) మానేసి వంటనూనె పోయవచ్చా అని అడిగారు. రెండింటిలోనూ పోసి చూసినవాణ్ణి కనుక, మొదటిదానిలో పోయవచ్చనీ రెండోదాని జోలికి పోవద్దనీ చెబుతాను.

చైన్ సాలో గొలుసుకు అందే నూనె తిరిగి ట్యాంకులోకి రాదు. గొలుసు తిరిగే లోహపు పట్టీ, అంటే బార్, చుట్టూ తిరిగి, రంపపు పొట్టుతో కలిసి నేలమీదే పడుతుంది. అలా నేలపాలయ్యే చోటనే మొక్కల నూనె వల్ల అసలైన మేలు, ఎందుకంటే మట్టిలోని సూక్ష్మజీవులు దానిని మినరల్ ఆయిల్ కంటే చాలా త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. కందెనగా కూడా అది తీసిపోదు. దాని అణువులోని ఎస్టర్ భాగం (ఆమ్లమూ ఆల్కహాలూ కలిసిన చోటు) లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. వేడికి నూనె చిక్కదనం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే స్నిగ్ధతా సూచిక మినరల్ ఆయిల్‌కు సుమారు 100 ఉంటే దీనికి 200 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, వేడెక్కినా అంత తొందరగా పలచబడదు.

చిక్కంతా గాలితోనే వస్తుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెతో పని చేసి, తుడవకుండానే రంపాన్ని మూడు నెలలు పక్కన పెట్టాను. మళ్ళీ తీస్తే గొలుసు కదల్లేదు. బార్ గాడిలో తేనె రంగు పొర పేరుకొని, గోటితో గీకితే పాత వార్నిష్‌లా పెచ్చులుగా లేచింది. నూనెలోని లినోలిక్ ఆమ్లపు జంట బంధాల దగ్గర ఆక్సిజన్ చేరి, అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోవడమే దీనికి కారణం. చిత్రకారులు అవిసె నూనెను రంగుల్లో కలిపేది ఈ గుణం కోసమే. అప్పటి నుంచి, ఒకే జంట బంధం ఉండి అంత తేలిగ్గా గట్టిపడని ఒలిక్ ఆమ్లం 80 శాతానికి మించిన రకాన్నే వాడుతున్నాను, పక్కన పెట్టేముందు బార్ విప్పి తుడుస్తున్నాను.

గేర్ బాక్సులో అదే నూనె నెలల తరబడి, వేడిలో, కంచు బుష్‌ల మధ్య తిరుగుతూనే ఉండాలి. కంచులోని రాగి ఆక్సీకరణను వేగిరపరుస్తుంది, తేమ చేరితే ఎస్టర్లు విడిపోయి ఆమ్లాలు పుడతాయి. నా లేత్‌లో ఏడాది తిరగకముందే నూనె చిక్కబడి ముక్కిపోయిన వాసన వేసింది. గేర్లు చెడలేదు గానీ, అడుగున పేరుకున్న జిగురు కడగడానికి రెండు రోజులు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజన్లలో ఆముదం వాడారు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆముదం పెట్రోలులో సరిగా కలవదు కనుక అక్కడ పనికొచ్చింది, పైగా ఆ ఇంజన్లలోనూ నూనె ఒకసారి తిరిగి బయటికే పోయేది.

నూనె తిరుగుతూ ఉండే హైడ్రాలిక్ యంత్రమే అయితే, ఐఎస్ఓ 15380 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం హెచ్ఈటీజీ (మొక్కల నూనె రకపు హైడ్రాలిక్ నూనె) అని ముద్రించిన, ఆక్సీకరణ నిరోధకాలు కలిపిన నూనెను, తయారీదారు అనుమతిస్తేనే, పాత నూనెను పూర్తిగా దించి ఫిల్టర్ మార్చాక పోయండి.