కింద మీటరు 2 చూపించినా 435 మెగాహెర్ట్జ్‌లో రేడియో సిగ్నల్ ఎందుకు రాదంటే

అన్నా, మేడ మీది మీ రేడియో యాంటెన్నా 145లో బ్రహ్మాండం, 435 మెగాహెర్ట్జ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత పవర్ తిప్పికొడుతోందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 2 ఉన్నా ఏమీ వినపడట్లేదన్నారు కదా, ఆ 2ని నమ్మకండి. మీ 15 మీటర్ల ఆర్‌జీ58 కేబుల్ (సన్నటి యాంటెన్నా వైరు) ఆ బ్యాండ్‌లో సగానికి పైగా పవర్ మింగేస్తుంది, తిరిగొచ్చేదాన్నీ అలాగే మింగేస్తుంది, అందుకే పైన యాంటెన్నా ఊడదీసినా కింద మీటరు 2 చుట్టుపక్కలే చూపిస్తుంది! మేడ మీదే, యాంటెన్నా దగ్గర కొలవండి.

435 అంటే 145కి మూడు రెట్లు కాబట్టి 145కి కట్టిన పెద్ద డైపోల్ (రెండు కడ్డీల యాంటెన్నా) అక్కడా పలుకుతుంది గానీ సిగ్నల్ పక్కలకి చీలిపోతుంది. అందుకే 435 కోసం ఆ డైపోల్ ఎదురుగా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, దేనికీ కలపకుండా, సుమారు 33 సెంటీమీటర్ల కడ్డీ బిగించి, మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ మీటరు చూడండి. నేను తొందరపడి కోసేసి కొత్త కడ్డీ కోసం మళ్ళీ ఎస్‌పీ రోడ్డు బజారుకి పరిగెత్తాను.