అథారిటీ పక్కన ఓవరా, ఆనా?

ప్రశ్న: పవర్ అన్నా, అథారిటీ అన్నా తెలుగులో 'అధికారం' అనే రాస్తున్నాం. రెండూ ఒకటేనా? అథారిటీ తర్వాత ఓవర్ ఎప్పుడు రావాలి, ఆన్ ఎప్పుడు రావాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకటి కావండీ. కత్తి చూపించి పర్సు లాక్కునే దొంగకు పవర్ ఉంది, అథారిటీ లేదు. చెయ్యెత్తి లారీని ఆపే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు దాన్ని అడ్డుకునే బలం ఎక్కడిది? ఉన్నది అథారిటీ. చేయగలగడం పవర్. చేసే హక్కు ఉండడం, దాన్ని ఎదుటివాళ్లు ఒప్పుకోవడం అథారిటీ. పవర్‌కు మూలమైన లాటిన్ క్రియకు అర్థమే 'చేయగలగడం'. అథారిటీకి మూలం లాటిన్ మాట 'ఔక్టర్', అంటే కర్త. రచయితను ఆథర్ అనడమూ అక్కడి నుంచే. స్పెల్లింగ్ తడబడితే ముందు ఆథర్ రాసి, చివర ఐ, టి, వై చేర్చండి.

అయితే చట్టం ఇచ్చిన అధికారాలను బహువచనంలో పవర్స్ అనే అంటారు. అక్కడ ఈ గీత చెరిగిపోతుంది.

ఇక ఓవర్, ఆన్. తప్పంతా మన 'మీద'తో వస్తుంది. 'సిబ్బంది మీద అధికారం' అనుకుని 'అథారిటీ ఆన్ ది స్టాఫ్' అనేస్తాం. మనుషుల మీద, ప్రాంతం మీద చెలాయించేదైతే ఓవర్: 'షి హాజ్ అథారిటీ ఓవర్ ది స్టాఫ్'. ఆన్ వచ్చేది విషయ పరిజ్ఞానానికి. 'హి ఈజ్ యాన్ అథారిటీ ఆన్ స్నేక్స్' అంటే పాముల గురించి సాధికారంగా చెప్పగలవాడని; పాములు ఆయన మాట వింటాయని కాదు. ఈ అర్థంలో ముందు 'యాన్' మరవకండి. ఫలానా పని చేసే అధికారమైతే టు: 'అథారిటీ టు సైన్ చెక్స్'.

'ఐ హావ్ ఇట్ ఆన్ గుడ్ అథారిటీ' అన్నప్పుడు అధికారం ఊసే లేదు. నమ్మదగిన మనిషి చెప్పగా తెలిసిందని అర్థం. 'ది అథారిటీస్' అంటే పోలీసులు, ప్రభుత్వాధికారులు. క్రియ బహువచనంలో ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదం అథారిటేటివ్, అథారిటేరియన్ జంటతో. మొదటిది ప్రామాణికం, నమ్మదగినది. రెండోది నిరంకుశం. ఉపాధ్యాయుణ్ణి పొగడబోయి రెండోది వాడితే తిట్టినట్టే.

తెలుగు చేసేటప్పుడు సంస్థ అయితే 'ప్రాధికార సంస్థ', నిపుణుడైతే 'సాధికారికంగా చెప్పగలవారు' అనండి. 'ఇన్ పవర్' మాత్రం గద్దె మీదున్న పార్టీకి వాడేది; అక్కడ 'ఇన్ అథారిటీ' అనరు.