అరవై దాటాక సొంత డ్రెస్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఇన్నాళ్లూ చీరలే కట్టాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుండి రావాలి. అక్కడికి నాలుగు డ్రెస్సులు నేనే కుట్టుకుందామని మొదలుపెట్టాను. జాకెట్లు కుట్టిన అలవాటుంది. ఛాతీ 40, నడుము 38, పొట్ట 42, సీటు 43 అంగుళాలు. పొట్ట కనపడకూడదని చుట్టూ 48 వచ్చేలా వదులుగా కోశాను. అయినా ముందు అంచు పైకి లేస్తోంది, పక్క కుట్లు ముందుకు జరుగుతున్నాయి, వెనక చూస్తే సంచిలా వేలాడుతోంది. ఇంకా వదులు పెట్టాలా?
– తెనాలి పాఠకురాలు

జవాబు: వద్దు. మీ డ్రెస్సులో గుడ్డ తక్కువ కాలేదు, ఉండాల్సిన చోట లేదు. మొత్తం కొలతను నాలుగుతో భాగించి ముందూ వెనకా ఒకేలా కోయడం మనకు అలవాటు. పొట్ట పెరగని రోజుల్లో ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. ఎందుకో చూడండి. ఒక్కో చంక మధ్య నుంచీ బరువు కట్టిన దారం ఒకటి కిందికి వదిలి, ఆ దారాల మధ్య ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి వేరువేరుగా కొలిపించుకోండి. పొట్ట 42 ఉన్నవాళ్లకు ముందు 23, వెనక 19 రావడం మామూలే. మీరు 48 కోశారు కాబట్టి ముందుకు 24, వెనక్కి 24 వచ్చాయి. ముందు ఒక్క అంగుళమే వదులు, వెనక ఐదు అంగుళాలు. ముందు బిగుతూ వెనక సంచీ అలా వచ్చాయి.

కాబట్టి ఈ రెండు కొలతల్నీ విడివిడిగా సగం చేసి కోయండి. ముందు సగం 11½, దానికి వదులు 1 అంగుళం. వెనక సగం 9½, దానికి వదులు ముప్పావు అంగుళం. పక్క కుట్టుకు 1 అంగుళం విడిగా వదలండి. మొత్తం చుట్టుకొలత 45½ వస్తుంది. మీరు కోసిన దానికంటే 2½ అంగుళాలు తక్కువే, అయినా పొట్ట మీద హాయిగా పడుతుంది.

ఇక అంచు లేవడం. అది పొడవు సంగతి. మెడా భుజమూ కలిసే చోట టేపు పెట్టి, ఛాతీ మీదుగా, పొట్ట మీదుగా మోకాలి దాకా కొలవండి. వెనక కూడా అదే చోటి నుంచి అదే ఎత్తు దాకా కొలవండి. ముందు 41½, వెనక 40 వచ్చాయనుకోండి. ఆ ఒకటిన్నర అంగుళం ముందు ముక్కలో ఉండి తీరాలి. అప్పుడు పక్కన కుట్టేటప్పుడు ముందు ముక్క ఒకటిన్నర పొడవెక్కువ తేలుతుంది. దాన్ని చంకకు 2½ నుంచి 3 అంగుళాల కింద పక్క డార్టుగా, అంటే కొసకు సన్నబడే మడత కుట్టుగా మడిచేస్తే పక్కలు రెండూ సమానమవుతాయి, మధ్యలో పొడవు మాత్రం అలాగే ఉంటుంది. చాలామంది డార్టు అందం కోసమనుకుని మానేస్తారు. అది మానేసిన ప్రతి డ్రెస్సూ ముందు పైకి లేస్తుంది.

డార్టు కొస ఎక్కడుండాలన్నది పాత జాకెట్ కొలత చూసి పెట్టకండి. వయసుతో ఛాతీ కిందికి జారుతుంది. భుజం నుంచి ఛాతీ బిందువుకు, అంటే ఛాతీ బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటుకు, ఒకప్పుడు 10 ఉన్నది ఇప్పుడు 11½ ఉండొచ్చు. రోజూ వేసుకునే బ్రా వేసుకుని కొలవండి. డార్టు ఆ బిందువు వైపే చూడాలి, కానీ దానికి ఒక అంగుళం ముందే ఆగాలి. బిందువు దాకా కుడితే అక్కడ ముక్కులా పొడుచుకొస్తుంది.

నడుము దగ్గర ముందు వైపు అసలు లోపలికి తీసుకోవద్దు. ఛాతీ కింద నుంచి ఏ-లైనులా కొద్దికొద్దిగా వెడల్పు చేసుకుంటూ పోండి. ఆకారమంతా వెనక ముక్కకివ్వండి: వీపు రెక్క ఎముకల కింద నుంచి సీటు పైదాకా 12 అంగుళాల పొడవున రెండు నిలువు డార్టులు, మధ్యలో ఒక్కొక్కటి ముప్పావు అంగుళం తీసుకునేలా. వెనక ఒంటిని అంటిపెట్టుకుని, ముందు జారుతూ ఉంటే మనిషి నిలువుగా కనిపిస్తుంది. పక్క కట్స్ పెట్టేట్టయితే పొట్టా సీటూ రెండూ దాటాక మొదలుపెట్టండి. పైనే మొదలైతే నడిచినప్పుడల్లా విచ్చుకుని పొట్టనే చూపిస్తాయి.

మంచి గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పాత దుప్పటితో ఒకటి కోసి, మిషను మీద పెద్ద కుట్టుతో కచ్చాగా కలిపి తొడిగి చూడండి. ముడతలు అబద్ధం చెప్పవు. అడ్డంగా గీతల్లా పడితే అక్కడ బిగుతు. నిలువుగా పడితే అక్కడ గుడ్డ ఎక్కువ. ఏటవాలుగా పడితే ఆ గీత కొస ఎటు చూపిస్తోందో అక్కడ గుడ్డ చాలడం లేదు. దుప్పటి మీద పెన్నుతో గుర్తులు పెట్టుకుని, విప్పేసి, ఆ ముక్కల్నే కాగితం మీద గీసుకుని పాటర్న్‌గా దాచుకోండి. నాలుగు డ్రెస్సులకూ అదే పనికొస్తుంది.

ప్రశ్న: ఏం వేసుకున్నా మెడ వెనక్కి జారిపోతోంది. ముందు మెడ గొంతుకు ఒత్తుకుంటుంది, వెనక మెడ మాత్రం ఒంటికి ఎడంగా లేచి నిలబడుతుంది. ముందు మెడ ఇంకాస్త లోతు తీయమని టైలరు సలహా.
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: ముందు లోతు తీస్తే గొంతుకు ఉపశమనం కలుగుతుంది, జారడం మాత్రం ఆగదు. వీపు పైభాగం కొంచెం గుండ్రంగా వంగితే మెడ ఎముక నుంచి నడుము దాకా దూరం పెరుగుతుంది. గుడ్డ ఆ పొడవుకి చాలక, కావలసిన దాన్ని ముందు నుంచి లాక్కుంటుంది. వెనక ముక్కకే పొడవివ్వాలి.

కాగితం మీద ఇలా చేయండి. వెనక ముక్కలో మెడ మధ్య నుంచి 4½ అంగుళాల కింద, నడిమి గీత నుంచి చంక దాకా అడ్డంగా గీసి కత్తిరించండి. చంక దగ్గర మాత్రం తెగకుండా కాస్త వదలండి. నడిమి వైపు ముప్పావు అంగుళం తెరిచి, కింద ఇంకో కాగితం అంటించండి. పై ముక్క చంక వైపు వాలుతుంది కాబట్టి నడిమి గీత వంకర పోతుంది. దాన్ని కింద నుంచి నిటారుగా మళ్లీ గీయండి. అలా గీయడం వల్ల మెడ ఒక్కో సగానికి అర అంగుళం దాకా వెడల్పు పెరుగుతుంది. ఆ పెరిగిందే మెడ నుంచి కిందికి 3 అంగుళాల పొడవున చిన్న డార్టుగా కుట్టేయండి, అటొకటి ఇటొకటి. మెడకు పట్టీ వేయకముందే కుట్టాలి. డార్టు కనిపించడం ఇష్టం లేకపోతే, 4½ దగ్గర అడ్డంగా కోసి పైన యోక్‌లా పెట్టుకుని, కింది ముక్కకు నాలుగు చిన్న కుచ్చులు పోయండి. కుర్తాలకు అది అందంగానూ ఉంటుంది.

భుజాలు కూడా ముందుకు వాలి ఉంటే భుజం కుట్టు మీకు వెనక్కి ఉన్నట్టనిపిస్తుంది. చేయి వైపు కొసలో ముందు ముక్క నుంచి అర అంగుళం తీసి, వెనక ముక్కకు అదే అర అంగుళం కలపండి. మెడ వైపు కొస కదపకండి. పైపింగు బిగించి లాగడం, వెనక దోరీ కట్టడం ఇక్కడ పనిచేయవు. వాటితో మెడ ముడుచుకుపోతుందంతే.

ప్రశ్న: చేతులు పైకెత్తితే డ్రెస్సంతా పైకి లేచిపోతోంది. చంక లోతు పెంచిన కొద్దీ ఇంకా ఎక్కువైంది. దండ చుట్టు 14½.
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: చంక లోతు పెంచడమే అసలు తప్పు. చంక కిందికి దిగితే చేయి అక్కడే డ్రెస్సు పక్కకు అతుక్కున్నట్టవుతుంది, చేయెత్తినప్పుడు డ్రెస్సుని మోసుకుని లేస్తుంది. చంక కింద స్కేలు అడ్డంగా పట్టుకుని, దానికి అర నుంచి ముప్పావు అంగుళం కిందే చంక పెట్టండి. చంక పైకి తెచ్చి, చేతిని వెడల్పు చేయండి. మీకు దండ దగ్గర 17 అంగుళాలు ఉండాలి. చేతి పై వంపు ఎత్తు, టైలర్లు హ్యాండ్ డౌన్ అంటారే, అది 5 ఉంటే 4కు తగ్గించండి. వంపు గీత పొడవు అంతే ఉంచి ఎత్తు తగ్గిస్తే చేయి దానంతటదే వెడల్పవుతుంది. భుజం కింద ఒకటి రెండు మెత్తటి ముడతలు పడతాయి, పడనివ్వండి.

ఇప్పటికే కోసేసిన డ్రెస్సయితే చంక కింద కుట్టు విప్పి, 3½ అంగుళాల చదరపు ముక్కను మూలగా తిప్పి అతకండి. మగవాళ్ల పాతకాలపు లాల్చీలకు ఉండేది అదే. మూలల దగ్గర కుట్టు ఆపి, సూది గుడ్డలోనే ఉంచి తిప్పితే ముడత రాదు. చేతి పొడవు దండ లావున్న చోట ఆగకూడదు. మోచేతికి కాస్త పైన గానీ, కింద గానీ ఆపండి.

ప్రశ్న: అమ్మ మంగళగిరి చీర ఒకటుంది, లాంగ్ డ్రెస్ కుట్టుకోవాలని. అంచు కింద రావాలి. ఏ-లైన్ కోస్తే అంచు వంకరపోయింది.
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఏ-లైనుకు కింద అంచు వంపు తిరుగుతుంది, నేత అంచు మాత్రం నిటారుగా ఉంటుంది. రెండూ కలవవు. అంచు కింద కావాలంటే ఛాతీ కింద ఒక కుట్టు వేసి, అక్కడి నుంచి తిన్నని ముక్కలు కుచ్చులు పోసి జోడించండి. ముందు మధ్యలో ఐదు అంగుళాలు చదునుగా వదిలి, కుచ్చులన్నీ పక్కలకు తోయండి, ఇస్త్రీతో అణచండి. పొట్ట మీద కుచ్చులు వస్తే లావు చూపిస్తాయి. ఏ-లైనే కావాలనుకుంటే అంచు కత్తిరించి, ముందు మెడ నుంచి కిందిదాకా నిలువు పట్టీగా వేయండి. ఆ నిలువు గీత మీకు బాగా నప్పుతుంది.

కోసేముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పాత చీరలు మడతల దగ్గర ముందు పలుచబడతాయి. అలాంటి చోట్లు చంకలకూ సీటుకూ రాకుండా చూసుకుని, మల్ గుడ్డ లైనింగు వేయండి. లైనింగు మల్‌ను ముందే తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లోపలిది కుంచించుకుపోయి పై గుడ్డ బుడగల్లా తేలుతుంది. కొత్త గుడ్డ కొనేవాళ్లకు: 44 అంగుళాల పన్నాలో 42 పొడవు ఏ-లైనుకు చేతులతో కలిపి 3 మీటర్లు. పోచంపల్లి ఇక్కత్ అయితే పావు మీటరు ఎక్కువ తీసుకోండి, పక్కల్లో డిజైను కలపడానికి. పెద్ద డిజైను సరిగ్గా పొట్ట మధ్యకు రాకుండా గుడ్డను ఒంటి మీద వేసుకుని అద్దంలో చూశాకే గుర్తులు పెట్టండి.

రంగు గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్పాలి. అరవై దాటితే లేత రంగులే వేసుకోవాలన్న మాట పట్టించుకోకండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర గుడ్డను గడ్డం కింద పట్టుకోండి. ముఖం వెలిగితే అది మీ రంగు.

ప్రశ్న: భుజం పట్టేసింది, తల మీంచి వేసుకోలేను. వేళ్లు నొప్పి, చిన్న గుండీలు పెట్టుకోలేను.
– రాజమండ్రి పాఠకురాలు

జవాబు: పైనుంచి కిందిదాకా ముందు తెరుచుకునే డ్రెస్సు కుట్టుకోండి. పట్టీ 1¼ అంగుళం వెడల్పు, లోపల సన్నటి కాన్వాసు. గుండీలు ముప్పావు అంగుళానివి, కాజా ముప్పావుకు పైన ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎక్కువ. ఛాతీ బిందువుకు సరిగ్గా ఎదురుగా ఒక గుండీ రావాలి, లేకపోతే అక్కడే విచ్చుకుంటుంది. మిగతావి దాని నుంచి 3 అంగుళాలకొకటి చొప్పున కొలుచుకోండి. గుండీలు కూడా కష్టమైతే పైకి గుండీలు అలంకారంగా కుట్టేసి, వాటి వెనక పట్టీ లోపల ప్రెస్ బటన్లు పెట్టండి. అయస్కాంతం బటన్లు అన్నిటికంటే సులువు, కానీ గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. వెల్‌క్రో చేనేత పోగుల్ని పీకేస్తుంది.

వేసుకునేటప్పుడు నొప్పి చేయి ముందు, విప్పేటప్పుడు చివర. పొడవు చీలమండకు రెండు అంగుళాల పైనే ఆపండి, మెట్లెక్కేటప్పుడు కాలికి అడ్డుపడదు. ఫోనుకు జేబు పెడితే పక్క కుట్టుకే వేలాడదీయకండి, బరువుకు డ్రెస్సు ఒక పక్కకు లాగుతుంది. జేబు పై అంచుకు టేపు కుట్టి, దాని రెండో కొసను పట్టీలో కలపండి.

ప్రశ్న: మిషను కుట్టు వదిలేస్తోంది, కింద దారం గూడు కట్టినట్టు చుట్టుకుపోతోంది. సూదిలో దారం ఎక్కించడమూ కష్టమే.
– వరంగల్ పాఠకురాలు

జవాబు: కుట్టు వదలడం ముప్పాతిక భాగం సూది తప్పే. కొత్త సూది పెట్టండి: మల్‌కు 11, మామూలు కాటన్‌కు 14, మందపు గుడ్డకు 16. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం గుచ్చాలి. అటుది ఇటు పెడితే ఒక్క కుట్టూ సరిగా పడదు. కింద గూడు కడితే తప్పు బాబిన్‌ది కాదు, పై దారానిది. గుడ్డను నొక్కి ఉంచే మిషను పాదం పైకెత్తి, దారమంతా మళ్లీ మొదట్నుంచీ ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే దారం టెన్షన్ పలకల మధ్యకు దిగదు. షటిల్‌లో పేరుకున్న దూది బ్రష్‌తో తీసి ఒక చుక్క మిషను నూనె వేయండి, ఆపై పాత గుడ్డ మీద ఐదు నిమిషాలు కుట్టండి, నూనె మరక మంచి గుడ్డకు అంటదు.

దారం ఎక్కించేటప్పుడు సూది వెనక తెల్ల కాగితం ముక్క పెట్టండి, దారం కొసను ఏటవాలుగా కత్తిరించండి. నల్ల గుడ్డ పగలే కుట్టండి.