జవాబులు: యూట్యూబర్‌ని పార్లమెంటులోకి రానిస్తారా?

ప్రశ్న: నేను మూడేళ్లుగా రాజకీయాల మీద యూట్యూబ్ వీడియోలు చేస్తున్నాను. ఏ పేపర్‌కీ, ఏ టీవీకీ పనిచేయను. నేనొక్కడినే, ఒక ఫోను, ఒక ట్రైపాడ్. పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో కూర్చుని సమావేశాలు చూసి వీడియోలు చేయాలని ఉంది. పాస్ ఎవరిస్తారు? మాలాంటి వాళ్లకి ఇస్తారా?

జవాబు: చేదు మాట ముందే చెప్పేస్తాను, ఇప్పట్లో కష్టమే. లోక్‌సభ నిబంధనల్లో సభ్యులు కాని వాళ్లందరికీ ఒకటే పేరు, ‘స్ట్రేంజర్స్’, అంటే పరాయివాళ్లు. తలపండిన ఎడిటరైనా మీరైనా ఆ మాట కిందికే వస్తారు. వాళ్లని లోపలికి రానివ్వడం స్పీకర్ ఇష్టమని 386వ నిబంధన, బయటికి పంపేయడమూ స్పీకర్ ఇష్టమేనని 387వ నిబంధన చెబుతాయి. కాబట్టి పాస్ అనేది హక్కు కాదు, అనుమతి. విలేకరుల పాసుల విషయంలో సలహా ఇవ్వడానికి సీనియర్ జర్నలిస్టులతో ప్రెస్ అడ్వైజరీ కమిటీ అని ఒకటి ఉంటుంది కానీ, ఆ పద్ధతంతా పత్రికలు, వార్తా ఏజెన్సీలు, ఛానెళ్లు అనే సంస్థల లెక్కలో పెరిగింది. సంస్థ లేని మనిషికి ఏ గడిలో టిక్కు పెట్టాలో దానికి తెలియదు.

పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) విలేకరులకిచ్చే గుర్తింపు కార్డు, అంటే అక్రిడిటేషన్ కార్డు ఉంటే చాలనుకుంటారు చాలామంది. అది వేరు, పార్లమెంటు పాస్ వేరు. 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో డిజిటల్ వార్తా సంస్థలకి చోటిచ్చారు, నిజమే. కానీ ఫ్రీలాన్సర్‌గా కార్డు కావాలంటే పదిహేనేళ్ల అనుభవం చూపించాలి. మీ మూడేళ్లకి ఇంకో పన్నెండు కలపాలి.

ఇంతకీ గ్యాలరీలో ఏముంటుందనుకుంటున్నారు? మీ ట్రైపాడ్‌కి అక్కడ పనిలేదు, వీడియో తీయనివ్వరు. నోట్‌బుక్కు, పెన్ను, అంతే. అయినా అక్కడ కూర్చోవడం వృథా కాదు, ఎందుకంటే పార్లమెంటు సొంత ఛానెల్ సంసద్ టీవీ కెమెరా చూపించనిది కళ్లకి కనిపిస్తుంది. సభలో గొడవ మొదలైందంటే టీవీలో తెర మీద చాలాసేపు స్పీకర్ కుర్చీయే ఉంటుంది. వెల్‌లోకి, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి ఎవరు దూకారు, వెనక బెంచీల్లో ఎవరు నవ్వుకున్నారు, సొంత పార్టీ వాళ్లు అరుస్తుంటే తల దించుకుని కాగితాలు తిరగేస్తున్న ఎంపీ ఎవరు, ఇవన్నీ పై నుంచి చూసేవాడికే తెలుస్తాయి.

అసలు నన్నడిగితే పాస్ విలువ గ్యాలరీలో కంటే గుమ్మం దగ్గర ఎక్కువ. బయటికొస్తున్న మంత్రి ముందు మైకు పెట్టి ‘ఇందాక ఆ ప్రశ్నకి జవాబు దాటేశారేంటి సార్’ అని అడగగలగడం, అదీ యాక్సెస్ అంటే. అది పెద్ద ఛానెళ్లకి కూడా అంత గట్టి హక్కేమీ కాదు. కోవిడ్ పేరుతో 2020 నుంచి విలేకరుల సంఖ్య కుదించారు. 2024 జులైలో కొత్త పార్లమెంటు భవనం మకర ద్వారం దగ్గర నిలబడి ఎంపీల మాటలు రికార్డు చేసుకునే వాళ్లని ఒక అద్దాల గదికి పరిమితం చేస్తే, రాహుల్ గాంధీ ఆ సంగతి సభలోనే లేవనెత్తారు. పేరున్న వాళ్లనే అద్దాల వెనక నిలబెట్టినప్పుడు మీకు తలుపు తీస్తారని ఆశ పెట్టడం నాకిష్టం లేదు. తీయకూడదని మాత్రం అనను. ఒక్కో సమావేశానికి కొన్ని సీట్లు స్వతంత్రంగా పనిచేసే వాళ్లకి వంతులవారీగా ఇస్తే ఆకాశమేమీ ఊడిపడదు.

ప్రశ్న: సభలో ఒక ఎంపీ ఒక వ్యాపారి మీద చేసిన ఆరోపణని నా వీడియోలో చెప్పాను. పరువు నష్టం దావా వేస్తానని నోటీసు వచ్చింది. ఎంపీకి లేని కేసు నాకెందుకు?

జవాబు: ఎంపీకి రాజ్యాంగం 105వ అధికరణ రక్ష ఉంది, సభలో అన్న మాటకి కోర్టులో జవాబు చెప్పక్కర్లేదు. అదే మాట బయట ప్రెస్ మీట్‌లో అంటే ఆ రక్ష ఉండదు. మీది వేరే కథ, కొంచెం వెనక్కి వెళ్లాలి.

సభలో జరిగింది ఉన్నదున్నట్టు రాసిన పత్రికని కోర్టుకి ఈడ్వకూడదని 1956లో ఒక చట్టం వచ్చింది. తెచ్చింది ఫిరోజ్ గాంధీ, అదీ ప్రైవేటు మెంబరు బిల్లుగా. ఎమర్జెన్సీలో దాన్ని రద్దు చేసింది ఆయన భార్య ఇందిరాగాంధీ ప్రభుత్వం. (ఇలాంటిది కథలో రాస్తే మరీ అతిగా ఉందంటారు.) 1977లో జనతా ప్రభుత్వం మళ్లీ తెచ్చింది, 44వ సవరణతో 361ఎ అధికరణగా రాజ్యాంగంలోకే ఎక్కించారు. ముఖ్యమైన విషయాల్లో నిజమైన రిపోర్టు అయి, దురుద్దేశం లేకపోతే సివిల్ కేసూ లేదు, క్రిమినల్ కేసూ లేదు. రాష్ట్ర శాసనసభలకీ ఇదే.

ఇక్కడే ఉంది తిరకాసు. ఆ అధికరణ రక్షించేది ‘వార్తాపత్రిక’ని, ఆ తర్వాత ‘వైర్‌లెస్ టెలిగ్రఫీ’ ద్వారా ప్రసార కేంద్రం నుంచి వచ్చే కార్యక్రమాలని. 1978 నాటి భాష, అందులో ఇంటర్నెట్ అనే మాట ఎలా ఉంటుంది? మీ వీడియో కూడా ఆ కోవలోకే వస్తుందని వాదించే లాయరు దొరుకుతారు, వాదనా బలంగానే ఉంటుంది, కానీ పత్రికకి అక్షరాల్లోనే ఉన్న రక్షణ కోసం మీరు వాదించుకోవాల్సి రావడమే అసలు టెన్షన్. పాస్‌ల కోసం పోరాడుతున్న యూట్యూబర్లు ముందు ఈ రెండు మాటలు మార్చమని అడగాలని నా అభిప్రాయం.

నోటీసుని మాత్రం పక్కన పడేయకండి, లాయర్‌కి చూపించండి. ఆ రోజు సభ రికార్డు తీసి ఒక విషయం చూసుకోండి: ఎంపీ అన్న ఆ మాటలు రికార్డుల్లో ఉన్నాయా, స్పీకర్ తొలగించారా? తొలగించినవైతే వ్యవహారం సభా హక్కుల ఉల్లంఘన వైపు తిరుగుతుంది. పట్నా నుంచి వచ్చే సర్చ్‌లైట్ పత్రిక బిహార్ శాసనసభలో తొలగించిన మాటల్ని అచ్చేసి చిక్కుల్లో పడితే, ఎడిటర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి కూడా ఓడిపోయారు. ఇంకోటి, ఆరోపణ చెప్పడం వేరు, థంబ్‌నెయిల్ మీద ‘దొంగ దొరికాడు’ అని ఎర్రక్షరాలు పెట్టడం వేరు. రెండోది రిపోర్టు కాదు, మీ సొంత మాట.

ప్రశ్న: పాస్ లేకుండా కొత్తగా ఏం చేయగలం? అందరూ వాడిన క్లిప్పులే మేమూ వాడాలా?

జవాబు: లోక్‌సభ కూర్చున్న రోజున మౌఖిక జవాబు కోసం 20 ప్రశ్నలుంటే, రాతపూర్వక జవాబుల కోసం 230 దాకా ఉంటాయి. టీవీలో కనిపించేది ఆ ఇరవైలో నాలుగైదు. మిగతావన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా పడుంటాయి. ఒకటి తెరిచి చూడండి. పైన ప్రశ్న, దాని కింద మంత్రి పేరు, ఆ తర్వాత రెండు పేజీల పథకాల గొప్పలు ఉంటాయి, అవి దాటేసి చివరి అనుబంధంలో రాష్ట్రాలవారీ పట్టికకి వెళ్లండి. మంజూరు ఒక గడిలో, ఖర్చు పక్క గడిలో ఉంటుంది. చాలాసార్లు వార్త ఆ రెండు గడుల మధ్యే ఉంటుంది.

కొన్ని జవాబులు మాత్రం ఒక్క వాక్యమే: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’. దాన్ని చూసి విసుక్కోకండి, అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేర్చారో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. తేదీ రాసిపెట్టుకుని మూడు నెలలు దాటిన రోజున వీడియో పెట్టండి. ఎంపీ పేరుతో వెతికే వీలు కూడా ఉంది. ముందు మీ ఎంపీ పేరు కొట్టి చూడండి, అసలు ప్రశ్నలేమైనా అడిగారో లేదో.