చిన్న చిన్న బ్రౌజర్ షూటింగ్ గేమ్‌లు ఎందుకు వదలవు?

ప్రశ్న: మాది వైజాగ్, సీతమ్మధార. తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పెద్ద గేమ్‌లేవీ ఆడడు గానీ, బ్రౌజర్‌లో వచ్చే చిన్న షూటింగ్ గేమ్ మొదలుపెట్టాడంటే రాత్రి ఒంటిగంట దాకా లేవడు. కథ లేదు, గ్రాఫిక్స్ లేవు. వాటిలో అంత ఏముంది?

జవాబు: కథ, గ్రాఫిక్స్ ఉంటే ఇంత పట్టుకునేవి కావండి. ఎందుకంటున్నానో చెబుతాను.

డిగ్రీ చదివే రోజుల్లో మద్దిలపాలెంలో ఒక నెట్ సెంటర్‌లో సాయంత్రాలు కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి. అక్కడ ఆటలాడేవాళ్ళు రెండు రకాలు. ఒకటి కౌంటర్ స్ట్రైక్ బ్యాచ్. నలుగురైదుగురు కలిసి వచ్చి, పక్కపక్క సిస్టమ్స్ తీసుకుని, గొంతులు పోయేలా అరుచుకుంటూ ఆడి, మ్యాచ్ అవగానే టీ తాగడానికి వెళ్ళిపోయేవారు. గోల తప్ప వాళ్ళతో ఇబ్బంది లేదు. రెండో రకం వాళ్ళు అసలు ఆడదామని వచ్చినవాళ్ళే కారు. ఎంసెట్ హాల్ టికెట్ ప్రింట్ కోసమో, రిజల్ట్స్ సైట్ తెరుచుకునేదాకా ఆగుదామనో కూర్చుని, ఆ ఖాళీలో ఒక ఫ్లాష్ గేమ్, అంటే బ్రౌజర్‌లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే చిన్న ఆట, తెరిచేవారు. కింద చిన్న ఓడ, పైనుంచి దిగే శత్రువులు, యారో కీలు, స్పేస్ బార్. అంతే. లేవనిది వీళ్ళే. ‘‘అన్నా, ఇంకో అరగంట ఎయ్యవా’’ అని మెడ తిప్పకుండానే అడిగేవారు.

వెనక నిలబడి చూస్తే కారణం వాళ్ళ చేతుల్లో కనిపించేది. కౌంటర్ స్ట్రైక్‌లో చచ్చినవాడు రౌండ్ అయ్యేదాకా మిగతావాళ్ళ ఆట చూస్తూ ఆగాలి. ఆ ఖాళీలో వాడికి ఇల్లు, ఆకలి, ట్యూషన్ అన్నీ గుర్తొస్తాయి. ఫ్లాష్ గేమ్‌లో అలా కాదు. ఓడ పేలిన మరుక్షణం తెర మధ్యలో ‘ప్లే ఎగైన్’ బటన్ వచ్చేస్తుంది. ‘ఇక చాలు’ అని బుర్రకి తట్టేలోపే వేలు దాన్ని నొక్కేస్తుంది. నా లెక్కలో అసలు మత్తు తుపాకీలోనూ లేదు, పేలుడులోనూ లేదు. చావుకీ మళ్ళీ మొదలుకీ మధ్య సందు లేకపోవడంలో ఉంది. ఆర్కే బీచ్‌లో బెలూన్లు కొట్టే తుపాకీ ఆట చూసే ఉంటారు. అక్కడ ప్రతి దెబ్బకీ బండివాడు తుపాకీ విరిచి ఛర్రా పెట్టి ఇవ్వాలి, అయిపోతే మళ్ళీ డబ్బులు తీయాలి. అందుకే అక్కడ రాత్రంతా నిలబడ్డవాణ్ణి ఎవరూ చూడలేదు.

ఇది ఒకటే కారణం అనను. ఈ ఆటల కష్టం మన చేతి నైపుణ్యంతో పాటే పెరుగుతూ పోతుంది. దీని వెనక ఒక సరదా సంగతుంది. వీటన్నిటికీ తాతలాంటి స్పేస్ ఇన్వేడర్స్‌ని 1978లో జపాన్‌లో టైటో కంపెనీ కోసం తొమొహిరో నిషికాదో తయారుచేశాడు. తెర మీద 55 శత్రువుల బొమ్మలు. అన్నిటినీ కదపడం ఆనాటి ప్రాసెసర్‌కి బరువైపోయింది. మనం కాల్చేకొద్దీ బొమ్మలు తగ్గుతాయి, పని తేలికవుతుంది, మిగిలినవి వేగంగా కదులుతాయి. నిషికాదో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. దాంతో గెలుపు దగ్గరపడిన కొద్దీ టెన్షన్ పెరిగే ఆట తయారైంది. ఇప్పటి గేమ్‌లు కావాలని చేసేది అదే.

ఇంకోటి, ఇందులో ఓడిపోతే నింద వేయడానికి ఎవరూ ఉండరు. టీమ్ ఆటలో ఓడితే పక్కవాడి వల్ల అంటాం. ఇక్కడ ‘కాస్త ఎడమకి జరిగుంటే బతికేవాణ్ణి’ అని కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. తప్పు తెలిసింది, దిద్దుకునే అవకాశం ఎదురుగా ఉంది, పైన పాత హైస్కోరు వెక్కిరిస్తోంది. లేచి వెళ్ళమంటే ఎవరు వెళ్తారు? దీనికి తోడు పేలిన శత్రువుల్లోంచి అప్పుడప్పుడూ రాలే పవర్‌లు. ఎప్పుడు పడతాయో తెలియదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే. గింజ ఎన్నో పోటుకి వస్తుందో తెలియనప్పుడే పావురం ఆగకుండా పొడుస్తూ ఉంటుంది.

తర్వాత వచ్చిన ఐఓ గేమ్‌లు, అంటే సైట్ అడ్రస్ చివర ‘డాట్ ఐఓ’ ఉండి, నెట్‌లో చాలామంది కలిసి ఆడే బ్రౌజర్ ఆటలు, దీనికి ఇంకో మెట్టు కలిపాయి. 2016లో వచ్చిన డీప్ డాట్ ఐఓనే తీసుకోండి. గుండ్రటి ట్యాంకు, కాల్చడానికి చతురస్రాలు, త్రిభుజాలు. స్కూల్ జామెట్రీ బాక్స్‌లోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. కానీ అవతల కదిలే ట్యాంకుల్లో నిజమైన మనుషులుంటారు, మన ట్యాంకు లెవెల్ 45 దాకా పెరుగుతుంది, పక్కన లీడర్ బోర్డు. అందులో మన పేరు ఎక్కిందంటే ఇంట్లో ఎవరు పిలిచినా వినపడదు.

‘షూటింగ్ ఆటలు కదా, పిల్లాడు హింసకి అలవాటు పడుతున్నాడేమో’ అని పెద్దవాళ్ళు కంగారు పడతారు. చతురస్రాన్ని కాల్చడంలో హింస ఏముంటుందండీ. బుడగల్ని రంగులవారీగా పేల్చే బబుల్ షూటర్ కూడా షూటింగే, అదీ ఇలాగే కట్టిపడేస్తుంది.

బ్రౌజర్ సంగతి వేరే చెప్పాలి. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మా కంప్యూటర్లలో ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, బ్రౌజర్ ఆటకి అదేమీ అక్కర్లేదు. ఒక ట్యాబ్‌లో లెక్కలు, పక్క ట్యాబ్‌లో ఆట. ఫ్లాష్‌కి అడోబీ 2020 డిసెంబరు 31తో సపోర్ట్ ఆపేసినప్పుడు ఈ ఆటల కథ ముగిసిందనుకున్నాం. అవి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేకుండా బ్రౌజరే నడిపే హెచ్‌టీఎంఎల్5లో మళ్ళీ పుట్టుకొచ్చి, ఫోన్‌లోకి కూడా దూరాయి.

నెట్ సెంటర్‌లో మాకు ఒక మేలు ఉండేది. డబ్బు కట్టిన టైమ్ అయిపోగానే స్క్రీన్ లాక్ అయిపోయేది, ఆట మంచి పట్టులో ఉన్నా సరే. బూతులు తిట్టేవారు గానీ లేచేవారు. ఇంట్లో ఆ తాళం లేదు. మీ తమ్ముడి విషయంలో చేయాల్సింది అలాంటి తాళం ఒకటి పెట్టుకోవడమే.

నేను ఇప్పటికీ ఆడతాను కాబట్టి నాకు పనిచేసినవి చెబుతున్నాను. ‘పది నిమిషాలే’ అని నిమిషాల్లో మాట ఇవ్వమనకండి, ఆటలో ఉన్నవాడికి గడియారం కనపడదు. ‘మూడు చావులు’ అని పెట్టుకోమనండి. చావులైతే ఎవరికైనా గుర్తుంటాయి. సౌండ్ తీసేస్తే సగం మజా పోతుంది, చేసి చూడండి. బ్రౌజర్ హిస్టరీలోంచి ఆ సైట్‌ని తీసేయమనండి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే మొత్తం అడ్రస్ దానంతటదే వచ్చేస్తుంటే చెయ్యి అటే పోతుంది మరి. మీరు పిలిచేటప్పుడు కూడా వంటింట్లోంచి కేకేస్తే లాభం లేదు. ఆట మధ్యలో ల్యాప్‌టాప్ మూసేస్తే గొడవే. వెళ్ళి పక్కన నిలబడండి, చచ్చేదాకా ఆగండి, అప్పుడు మాట్లాడండి. ఆ సందు మీరే పుట్టించాలి.

ఇక ఇది జబ్బా అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలైన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. అయితే రాత్రి ఒంటిగంట దాకా ఆడితే సరిపోదు. ఆట మీద అదుపు పోవాలి, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవాలి, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవాలి. ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగాలి. అలా అనిపిస్తే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడికి తీసుకెళ్ళడానికి మొహమాటపడకండి. మీరు రాసిన దాన్ని బట్టి అంతదాకా వెళ్ళినట్టు నాకనిపించలేదు. కాలేజీకి సరిగ్గా వెళ్తున్నాడా, బ్యాక్‌లాగ్‌లు ఏమైనా ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. అది చెబితే ఇంకాస్త వివరంగా రాస్తాను.