మొక్కలు తర్వాత నాటొచ్చు, ముందు కోత ఆపించండి

పట్టణంలోని పార్కుల్లో జీవవైవిధ్యం పెరగాలంటే ఏ మొక్కలు నాటాలి అని అడిగారు. నా అనుభవంలో అది రెండో ప్రశ్న. ఉన్నవాటిని పీకేయకుండా ఆపడం ఎలా అన్నది మొదటిది.

నేను రోజూ నడిచే పార్కులో పనిముట్ల గది వెనక నాలుగు జిల్లేడు మొక్కలుండేవి. ఎవరూ నాటలేదు, వాటంతటవే మొలిచాయి. ఒకరోజు మా అమ్మాయి ఆకు తిప్పి చూపించింది. తెలుపు, నలుపు, పసుపు చారలతో గొంగళిపురుగు! వెతికితే మొత్తం పదకొండు. నారింజ రంగు రెక్కలుండే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లలవి. ఆ సీతాకోకచిలుక జిల్లేడు, దాని దగ్గరి చుట్టాల మీద తప్ప గుడ్లు పెట్టదు. పురుగు ఆ ఆకులు తిని అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు చాలావరకు దాని జోలికి రావు. అమ్మాయి ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ రాసేది. ఆ పురుగుల్లో రెండు ప్యూపాలయ్యాయి (రెక్కలు రాకముందు గూట్లో ఉండే దశ), లేతాకుపచ్చ లోలకుల్లా ఆకు కింద వేలాడాయి.

ఆ వారమే ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారని పార్కంతా శుభ్రం చేశారు. మేం వెళ్లేసరికి నరికిన మొదళ్ల నుంచి పాలు కారుతున్నాయి. కొమ్మలు, ఎండుటాకులు కలిపి ఒక కుప్ప వేసి నిప్పు పెట్టారు. అమ్మాయి ఆ పొగలోనే కాలని కొమ్మలు తిరగేసి చూసింది. ఒక్కటీ దొరకలేదు. అక్కడ పనిచేసే ఆయన్ని అడిగితే, "పిచ్చిమొక్కలు తీసేయమన్నారు సార్, తీసేశాం" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. సగం నష్టం ఆ 'పిచ్చిమొక్క' అన్న మాటే చేస్తోంది.

వాటి స్థానంలో పచ్చిక పరిచి, ముద్దపూల మొక్కలు పెట్టారు. రేకుల మీద రేకులుండే చాలా రకాల్లో పుప్పొడి తక్కువ, తేనె అందదు. గంటసేపు కూర్చున్నా ఒక్క తేనెటీగ రాలేదు. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి, ఎక్కువ భాగం నేలలో బొరియలు చేసుకునేవే. వాటికి కాస్త బోసి మట్టి కావాలి. మనమేమో చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తాం! రాత్రంతా తెల్లటి లైట్లు వెలిగిస్తే చిమ్మెటలు వాటి చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోతాయి, పూల దగ్గరికి ఎప్పుడు వెళ్తాయి?

చెట్లదీ ఇదే తంతు, వరసంతా ఒకే జాతి. ఒక తెగులొస్తే మొత్తం పోతాయి. ఫ్రాంక్ శాంటమోర్ అనే అమెరికన్ చెట్ల శాస్త్రవేత్త 1990లోనే ఒక లెక్క చెప్పాడు: ఊళ్లోని చెట్లలో ఒకే జాతివి 10 శాతం, ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబానివి (అలాంటి ప్రజాతుల గుంపు) 30 శాతం మించకూడదు. మీరు ఏదైనా నాటిస్తే ఇదొక్కటి పట్టుకోండి.

మేం నలుగురం కలిసి అర్జీ పెట్టుకుంటే, గోడ వారగా ఇరవై అడుగుల ముక్క వదిలేయడానికి ఒప్పుకున్నారు. దోమలొస్తాయని కొందరు గొడవ చేశారు. దోమ పిల్లలు పెరిగేది నిలవ నీళ్లలో, గడ్డిలో కాదు. పాముల భయం నిజమైనదే, అందుకని దారి పక్కన రెండడుగులు పొట్టిగా కత్తిరిస్తున్నాం. అలా అంచు తీర్చి ఉంటే, కావాలనే వదిలేశారని చూసేవాళ్లకూ తెలుస్తుంది. జిల్లేడు పాలు కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు ఆడే చోటికి దూరంగా ఉంచి, ఒక బోర్డు పెట్టించాం.

నరికిన జిల్లేడు మొదళ్లే మళ్లీ చిగురించాయి. కోత తప్పనిసరి అంటే మాత్రం ఒకేసారి కొయ్యనివ్వకండి. సగం ఇప్పుడు, మిగతా సగం రెండు నెలలు ఆగి. అదీ కొమ్మ కొమ్మా ఆకుల అడుగు చూశాకే.