పైలట్ కాబోయే అబ్బాయి మెడికల్ ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది జగిత్యాల. మా అబ్బాయి ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేశాడు. పైలట్ కావాలని వాడికి చిన్నప్పటి నుంచీ కోరిక. మావారు మస్కట్‌లో పనిచేసి కూడబెట్టిన డబ్బుకు బ్యాంకు అప్పు కొంత కలిపి ఫ్లయింగ్ స్కూల్లో చేర్పిద్దామనుకుంటున్నాం. సీటు మాట్లాడుతున్న ఏజెంటు రెండు మాటలు చెప్పాడు. మా వాడికి మూడేళ్ల వయసులో జ్వరంతో పాటు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి మెడికల్ ఫారంలో రాయవద్దన్నాడు. ఫ్లయింగ్ గంటలు తక్కువ పడితే, వాటిని నమోదు చేసే లాగ్‌బుక్‌లో సర్దుబాటు చేసే చోటికే పంపుతానని కూడా అన్నాడు. అందరూ ఇలాగే చేస్తారట. మాకు మనసు ఒప్పడం లేదు. ఈ ఉద్యోగంలో నడవడిక విషయంగా ఏమేం చూస్తారో కూడా చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పకపోవడమే సరైనది. ఏజెంటు చెప్పిన రెండు పనుల్లో ఏ ఒక్కటీ చేయవద్దు. పట్టుబడితే లైసెన్సు పోతుందన్న భయం ఒక కారణమే గాని, అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. ఆకాశంలోకి వెళ్లాక పైలట్ ఏం చేశాడో పక్కన నిలబడి చూసే పై అధికారి ఉండడు. విమానంలోని లోపాలను నమోదు చేసే టెక్నికల్ లాగ్‌లో అతను రాసినదాన్ని నమ్మి ఇంజినీరు విమానాన్ని తనిఖీ చేస్తాడు, అతను చెప్పిన ఆరోగ్య చరిత్రను నమ్మి డాక్టరు సంతకం పెడతాడు, పక్క సీట్లోంచి అతను పలికిన హెచ్చరికను నమ్మి కెప్టెన్ నిర్ణయం మార్చుకుంటాడు. నడవడిక గురించి మీరు అడిగిన ప్రశ్నకు జవాబంతా ఇక్కడే ఉంది: ఉన్నది ఉన్నట్టుగా, చెప్పవలసిన సమయానికి, చెప్పవలసిన వారికి చెప్పడం. ఆ అలవాటు యూనిఫాం వేసుకున్న రోజున కొత్తగా రాదు. మీ అబ్బాయి పూర్తిచేసే మొదటి ఫారంతోనే మొదలవుతుంది.

ముందుగా ఫిట్స్ సంగతి. పసితనంలో తీవ్రమైన జ్వరంతో వచ్చే ఫిట్స్ వేరు, మూర్ఛ వ్యాధి వేరు. రెండింటికీ తేడా తేల్చవలసింది విమానయాన వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు. ఏజెంటూ కాదు, నేనూ కాదు. మన దేశంలో పైలట్ కాదలచినవారు మొదట పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 పరీక్ష, ఆ తరువాత బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ వంటి గుర్తింపు పొందిన కేంద్రాల్లో క్లాస్ 1 పరీక్ష చేయించుకోవాలి. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ 1 తప్పనిసరి. ఏదైనా అనుమానం వస్తే డాక్టర్లు మరిన్ని పరీక్షలు రాస్తారు, కొన్నిసార్లు తాత్కాలికంగా అనర్హుడని చెప్పి మళ్లీ రమ్మంటారు, నిర్ణయం నచ్చకపోతే పునఃపరిశీలన కోరే దారి కూడా ఉంటుంది. నిజం చెప్పినవారికి ఈ మెట్లన్నీ ఉన్నాయి. దాచినవారికి మాత్రం, ఆ సంగతి పదేళ్ల తరువాత బయటపడితే, జబ్బు కన్నా అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

దాచడం ఎంతవరకు పోగలదో చెప్పడానికి 2015 మార్చి 24న ఫ్రాన్స్ ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన జర్మన్‌వింగ్స్ విమాన దుర్ఘటన ఉంది. విమానంలో ఉన్న 150 మందీ చనిపోయారు. కో పైలట్ తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడుతున్నాడనీ, పనికి వెళ్లే స్థితిలో లేడని డాక్టర్లు రాసి ఇచ్చిన కాగితాలను కంపెనీకి చూపకుండా దాచాడనీ, విమానాన్ని కావాలనే కొండకు తాకించాడనీ దర్యాప్తులో తేలింది. మీ అబ్బాయి సంగతికీ దీనికీ పోలిక లేదు. మానసికంగా కుంగిన పైలట్లందరూ ప్రమాదకరమైనవారని దీని అర్థం కూడా కాదు. ఉద్యోగం పోతుందన్న భయంతో మనుషులు జబ్బును దాచుకోకుండా ఉండాలనే ఉద్దేశంతో, ఈ ఘటన తరువాత చాలా దేశాల్లో తోటి పైలట్లతోనే మనసు విప్పి మాట్లాడుకునే సహాయ బృందాలను ఏర్పాటు చేశారు. బాగోలేనప్పుడు బాగోలేదని చెప్పడం ఈ వృత్తిలో బలహీనత కాదని మీ వాడికి ఇప్పటి నుంచే తెలియాలి.

ఇక లాగ్‌బుక్. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు తానే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత అంతా తనదిగా నడిపి ఉండాలి. పరికరాలను మాత్రమే చూసి నడిపినవి 10 గంటలు, రాత్రి వేళ నడిపినవి 5 గంటలు ఉండాలి. నడపకుండా కలంతో నింపిన గంటలను పైలట్లు పార్కర్ పెన్ గంటలు అంటారు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రవాడు తన లాగ్‌బుక్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఉద్యోగాల పరీక్షల్లో వరుసగా సిమ్యులేటర్, అంటే నేల మీది నమూనా కాక్‌పిట్, దగ్గరే ఎందుకు తప్పుతున్నానో అర్థం కావడం లేదన్నాడు. పుస్తకం తిప్పి చూశాను. నాలుగు నెలల రాతంతా ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఒక్క పూటలో కూర్చొని రాసినట్టుంది. మధ్యలో ఒక పేజీలో, తుపాను వల్ల రన్‌వే మూసి ఉన్న రోజని అతనే మాటల్లో చెప్పిన తేదీన, రెండున్నర గంటల ఫ్లయింగ్ ఉంది. ఆ వరుస మీద వేలు పెట్టి చూపించేసరికి ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. డబ్బు మొత్తం కట్టించుకొని గంటలు తగ్గించినవాళ్లు వేరే, తల దించుకోవలసి వచ్చింది మాత్రం అతను. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2011 జనవరిలో గోవాలో ఒక విమానం వెనుక చక్రాలకు ముందే ముందు చక్రం నేలను తాకేలా దిగింది. ఆ విచారణ తవ్వుకుంటూ పోతే పైలట్ లైసెన్సు కోసం ఇచ్చిన మార్కుల పత్రాలే నకిలీవని బయటపడింది. అదే ఏడాది మరికొందరు పైలట్లు అరెస్టయ్యారు, గంటలను పెంచి రాసిన ఫ్లయింగ్ స్కూళ్ల సంగతీ వెలుగులోకి వచ్చింది. గమనించండి, దొంగ కాగితాన్ని మొదట బయటపెట్టినది ఆఫీసులో తనిఖీ కాదు, రన్‌వే. మీరు అర కోటి ఖర్చుపెట్టి కొంటున్నది ఆ 200 గంటలనే. వాటిలో 40 గంటలు రాతలోనే ఉండిపోతే, ఎదురుగాలిలో, పక్కగాలిలో, మబ్బులో మీ అబ్బాయి చేతులు నేర్చుకోవలసిన ఆ 40 గంటల పాఠాన్ని ఎవరో మీ దగ్గర డబ్బు తీసుకొని దొంగిలించినట్టే.

నడవడికలో అన్నిటికన్నా కష్టమైనది, మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు మరీ కష్టమైనది, పెద్దవారికి ఎదురు చెప్పడం. 2010 మే 22 ఉదయం దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. విమానం ఉండవలసిన ఎత్తు కన్నా చాలా పైనుంచి, ఎక్కువ వేగంతో దిగుతున్నదని కో పైలట్ గుర్తించాడు. దిగడం మానుకొని మళ్లీ పైకి లేవమని, అంటే గో అరౌండ్ చేయమని, మూడుసార్లు చెప్పాడు. యంత్రం కూడా హెచ్చరించింది. కెప్టెన్ దిగడానికే పూనుకున్నాడు. అదే ప్రయాణంలో అంతకుముందు ఆయన గంటన్నరకు పైగా నిద్రపోయినట్టు కాక్‌పిట్ రికార్డింగులో తెలిసింది. నివేదికలో నన్ను ఎక్కువగా కలచివేసిన మాట మరొకటి: కో పైలట్ చెప్పాడే గాని నియంత్రణ తన చేతిలోకి తీసుకోలేదు, అలా తీసుకునే అధికారం అతనికి ఎంతవరకు ఉందన్న విషయంలో సూచనలు స్పష్టంగా లేకపోవడం అందుకు కారణం కావచ్చని దర్యాప్తు బృందం రాసింది. పదేళ్ల తరువాత, 2020 ఆగస్టు 7న, కోజికోడ్‌లో వానలో దిగుతున్న విమానం విషయంలోనూ పక్క సీట్లోంచి గో అరౌండ్ అన్న మాట వచ్చింది, దాన్ని పాటించలేదు. అక్కడ 21 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయిన పైలట్లను నిందించడానికి ఇవి చెప్పడం లేదు. వాళ్లు కూడా ఎవరి ఇంటి బిడ్డలో.

మనం పిల్లలకు పెద్దల ముందు గొంతు పెంచవద్దని నేర్పుతాం, నేర్పడం మంచిదే. కాక్‌పిట్‌లో మాత్రం గౌరవానికి అర్థం కొంచెం మారుతుంది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌తో, ఉద్యోగంలో చేరి మూడు నెలలైన కుర్రవాడు, "సార్, మనం స్థిరంగా లేం, గో అరౌండ్" అని తడబడకుండా అనగలగాలి. వినకపోతే కంపెనీ నియమాల ప్రకారం నియంత్రణ తన చేతిలోకి తీసుకోగలగాలి. ఆ మాట విన్న కెప్టెన్ అవమానపడకుండా పాటించగలగాలి. దీని కోసమే సిబ్బంది మధ్య సమన్వయం మీద ప్రత్యేక శిక్షణ ఉంటుంది. ఇంట్లో మీరు చేయగలిగినదీ ఒకటుంది: మీవారు సెలవులో వచ్చి కారు నడుపుతున్నప్పుడు, "నాన్నా, వేగం ఎక్కువైంది" అని మీ వాడంటే, వాడిని గద్దించకుండా వేగం తగ్గించమనండి.

ఇదే నిజాయితీకి ఇంకొక పరీక్ష టెక్నికల్ లాగ్. విమానం గట్టిగా నేలకు తగిలిందనుకోండి. ప్రయాణికులు రెండు నిమిషాలు గొణుక్కొని దిగిపోతారు. పైలట్ ఆ సంగతి రాస్తే ఇంజినీర్లు చక్రాల వ్యవస్థ అంతా తనిఖీ చేయాలి, తరువాతి సర్వీసు ఆలస్యమవుతుంది, తనను పిలిచి అడుగుతారు. రాయకపోతే అదే విమానంలో మరో సిబ్బంది, మరో నూట ఎనభై మంది ఏమీ తెలియకుండా ఎక్కుతారు. ఇప్పుడు విమానంలోని రికార్డర్ల సమాచారాన్ని కంపెనీలు క్రమంగా పరిశీలిస్తాయి కాబట్టి చాలావరకు బయటపడుతుంది. అయినా పైలట్ తానే ముందుగా రాయడానికీ, యంత్రం పట్టించాక ఒప్పుకోవడానికీ ఎంతో తేడా ఉంది.

మద్యం విషయంలో నియమం సూటిగా ఉంటుంది. విమానం నడపడానికి ముందు 12 గంటల్లో తాగకూడదు. శ్వాస పరీక్షలో సున్నా రావాలి, కొంచెం ఫరవాలేదన్న మాట లేదు. మొదటిసారి పట్టుబడితే మూడు నెలలు, రెండోసారి మూడేళ్లు లైసెన్సు నిలిపివేస్తారు, మూడోసారి రద్దే. తాగనివారు కూడా జాగ్రత్తపడాలి: కొన్ని దగ్గు మందుల్లో, మౌత్‌వాష్‌లలో, మన ఇళ్లలో అలవాటుగా వేసుకునే హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. జలుబు మాత్రల్లో కొన్ని నిద్రమత్తు తెస్తాయి. డాక్టరును అడగకుండా ఏదీ వేసుకోకపోవడం అలవాటు కావాలి. మాదకద్రవ్యాలకు కూడా పరీక్షలున్నాయి.

అలసట గురించి కూడా ఒక మాట. పైలట్ల వారపు విశ్రాంతిని 2025లో 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. కంపెనీ ఇచ్చిన విశ్రాంతిని స్నేహితుల పెళ్లిళ్లలో, రాత్రంతా ఫోనులో ఖర్చుచేసి తెల్లవారుజామున యూనిఫాం వేసుకోవడం తప్పు. నిజంగా అలసిపోయినప్పుడు నడపలేనని చెప్పకపోవడమూ అంతే తప్పు. చెప్పినందుకు ముఖం చిట్లించే పై అధికారులు ఉండవచ్చు. అయినా చెప్పాలి.

కాక్‌పిట్‌లో కబుర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని కాదు. 1974 సెప్టెంబరులో అమెరికాలోని షార్లెట్ దగ్గర ఒక విమానం పొగమంచులో దిగుతూ కూలి 72 మంది చనిపోయారు. ఆ చివరి నిమిషాల్లో పైలట్లు రాజకీయాల గురించీ పాత కార్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. అలాంటి అనుభవాల నుంచి పదివేల అడుగుల కింద పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదన్న నియమం వచ్చింది. మన దేశంలోనే 2023లో స్నేహితురాలిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిన పైలట్‌కు మూడు నెలలు లైసెన్సు నిలిపివేశారు. వీడియోల మోజున్న ఈ వయసు పిల్లలకు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

ఇప్పుడు మీరు చేయవలసినవి. ఫ్లయింగ్ స్కూలుకు ఒక్క రూపాయి కూడా కట్టకముందే క్లాస్ 2, క్లాస్ 1 పరీక్షలు రెండూ పూర్తి చేయించండి. అర్హత రాకపోతే డబ్బయినా మిగులుతుంది, ఇంజినీరింగో, విమానాల నిర్వహణ కోర్సో చూసుకోవచ్చు. ఆ ఏజెంటును వదిలేయండి. స్కూలు ఎంచుకునేటప్పుడు డీజీసీఏ గుర్తింపు ఉన్నదో లేదో చూసి, మీరూ మీ అబ్బాయీ స్వయంగా వెళ్లండి. అక్కడి పాత విద్యార్థులను పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు అడగండి: నెలకు నిజంగా ఎన్ని గంటలు నడపనిస్తున్నారు, ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు. మొదటి ప్రశ్నకే తడుముకుంటే వెనక్కి వచ్చేయండి. చేరాక ప్రతి ఫ్లయింగ్ పూర్తయిన రోజునే లాగ్‌బుక్ రాసే అలవాటు చేయించండి.

మూడేళ్లప్పుడు చూపించిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉంటే వెతకండి, లేకపోతే ఆ ఆసుపత్రిలోనో చూసిన డాక్టరు దగ్గరో రాయించుకోండి. ఫారం మాత్రం మీరు గాని, ఏజెంటు గాని పూర్తిచేయవద్దు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగిన చోట అవునని పెట్టి, అప్పటి వయసూ, జ్వరం సంగతీ, చికిత్స వివరాలూ మీ అబ్బాయే రాయాలి. మీరు కాగితాలు పట్టుకొని పక్కన కూర్చోండి.